రెండు మీటర్ల స్కేలుతో భిలాయ్ దాకా

నవంబరు మూడో వారంలో ఒక గురువారం సాయంత్రం ఏడు గంటలకి విజయనగరం స్టేషన్లో దుర్గ్ పాసింజరు కోసం నిలబడ్డాను. భుజాన సంచి, చేతిలో రెండు మీటర్ల పొడవు టేకు స్కేలు. సంచిలో ఏముందని ఎవరూ అడగలేదు. స్కేలు గురించి మాత్రం టీ అమ్మే మనిషి మొదలుకొని రైల్వే పోలీసు వరకు అందరూ అడిగారు. వరి కొలవడానికని నిజమే చెప్పాను. పోలీసు నన్ను కిందనుంచి పైదాకా చూసి, నిజంగా అంతేనా అని ఇంకోసారి అడిగి వెళ్ళిపోయాడు.

ఆ స్కేలు కథ ముందే చెప్పేస్తే మంచిది. మా జిల్లాలోని ఒక వరి పరిశోధన స్టేషన్లో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫీల్డు అసిస్టెంటుగా పనిచేశాను. మొక్క మొదలు నుంచి కంకి కొస దాకా ఎత్తు కొలవాలి, ఒక్కో దుబ్బుకి ఎన్ని పిలకలు పుట్టాయో లెక్కపెట్టాలి, పుస్తకంలో ఎక్కించాలి. ఎందరో శాస్త్రవేత్తలు వచ్చారు, బదిలీ మీద వెళ్ళారు. నేనూ స్కేలూ అక్కడే ఉండిపోయాం. రిటైరైన రోజున శాలువా కప్పి, ఇంకేమైనా కావాలా అంటే స్కేలు అడిగాను. నవ్వుకుంటూ ఇచ్చేశారు. శాలువా ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలియదు.

ఇక ప్రయాణం ఎందుకంటే, మా చెల్లెలు రవణమ్మ భర్త అప్పలనాయుడు మూలంగా. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు చేసే మిల్లులో తనిఖీ పని అతనిది. అతనితోపాటు పనిచేసే బిసాహుది జాముల్ అవతల ఒక పల్లెటూరు. బిసాహు తల్లిని అందరూ దాయీ అంటారు, వాళ్ళ భాషలో అమ్మ అని. ఆవిడ పొలంలో దుబ్‌రాజ్ అనే వాసన బియ్యం పండుతుంది. వండితే వీధి చివరి ఇంటివాళ్ళకి కూడా ఆకలేస్తుంది. కాని మొక్క నా గడ్డం దాకా పెరుగుతుంది. కంకి బరువెక్కే వేళకి వాన పడితే చేను మొత్తం నేల మీద పడుకుంటుంది. ఆ ముసలావిడ బురదలోంచి కంకులు ఏరి, గుప్పెడు గుప్పెడు లేపి కట్టుకుంటుంది. ఒకరోజు వాళ్ళింట్లో భోంచేసి చెయ్యి కడుక్కుంటూ మా బావ అప్పలనాయుడు, తన బావమరిది వరి మొక్కల్ని పొట్టి చేస్తాడని, రెండేళ్ళలో పడిపోని దుబ్‌రాజ్ ఇస్తానని ఆవిడకి మాటిచ్చేశాడు. ఆ బావమరిదిని నేనే. మాటిచ్చిన సంగతి నాకు ఉత్తరంలో తెలిసింది.

రెండేళ్ళ కిందట, కొత్త ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఇంకో నెలలో పుడుతుందనగా, ఇదే బండిలో ఒక బకెట్టులో పూతకొచ్చిన పొట్టి రకం వరి దుబ్బు పెట్టుకుని వెళ్ళాను. బిసాహు కుండీలో దుబ్‌రాజ్ తెచ్చాడు. మా చెల్లెలి గోళ్ళ కత్తెరతో దుబ్‌రాజ్ గింజల మూతి కత్తిరించి, లోపలి పుప్పొడి తిత్తులు లాగేసి, పైన మిఠాయి కొట్టు వెన్న కాగితం తొడిగి, మర్నాడు పొట్టి రకం పుప్పొడి దులిపాను. పద్దెనిమిది గింజలు కట్టాయి. మరుసటి ఏడు అవి బావ పెరట్లో మొలిచి, పద్దెనిమిదీ తాడిచెట్లలా పెరిగాయి. బిసాహు ఊరివాళ్ళు వచ్చి చూసి నవ్విపోయారు.

కంగారు పడొద్దని బావకి ఉత్తరం రాశాను. అతనికి అర్థమయ్యే భాషలోనే రాశాను. ఒక్కో మొక్కలో ఎత్తు పెంచే పనివాళ్ళు ఇద్దరుంటారు, ఒకడు తల్లి వైపు నుంచి, ఒకడు తండ్రి వైపు నుంచి. ఇద్దరిలో ఒక్కడు డ్యూటీకి వచ్చినా పని జరిగిపోతుంది, మొక్క పెరుగుతుంది. దుబ్‌రాజ్‌లో ఇద్దరూ పనిమంతులు. నా పొట్టి రకంలో ఇద్దరూ బద్ధకస్తులు. మొదటి తరంలో ఒకడు పనిమంతుడు, ఒకడు బద్ధకస్తుడు, అందుకే అన్నీ పొడుగు. వాటి గింజలు మళ్ళీ వేస్తే నాలుగు మొక్కల్లో ఒకదానికి బద్ధకస్తులిద్దరూ దొరుకుతారు, అవి పొట్టివవుతాయి. పొట్టివి మీటరుకి లోపు ఉంటాయని కూడా రాశాను. ఈ చివరి వాక్యం రాయకుండా ఉండాల్సిందని తరవాత తెలిసింది.

బండి ఏడూ యాభైకి వచ్చింది. స్కేలు సీటు కింద పట్టలేదు, పై బెర్తు మీద పెడితే నడవలోకి పొడుచుకొచ్చింది. చివరికి తువ్వాలుతో కిటికీ ఊచలకి కట్టాను. ఈ దారిన వెళ్ళదలచిన వాళ్ళు పై బెర్తు అడిగి తీసుకోండి. కింది బెర్తు మీద మీరు తప్ప అందరూ కూర్చుంటారు. పార్వతీపురం రాకముందే పులిహోర తిని పడుకున్నాను. టిక్కెట్టు, టీల ఖర్చు లెక్క మా ఆవిడకి అప్పజెప్పాను కాబట్టి ఇక్కడ మళ్ళీ చెప్పను.

తెల్లవారి ఖరియార్ రోడ్డులో టీ తాగాను. బయట చేలు కోతకొచ్చి ఉన్నాయి. ముందు వారం వాన పడినట్టుంది, సగం చేలు నిలబడి ఉన్నాయి, సగం పడుకున్నాయి. పడుకున్నవన్నీ పొడుగు రకాలే. ఒక చేలో ముగ్గురు ఆడవాళ్ళు నడుములు వంచి పడిపోయిన వరి లేపుతున్నారు. దాయీ గుర్తొచ్చి నాకు టీ రుచించలేదు.

మహాసముంద్ దాటాక టీసీ వచ్చాడు. నా ఎదుటి సీట్లో ఒకావిడ, పక్కన పాప. పాపకి నాలుగేళ్ళే, టిక్కెట్టు అక్కర్లేదని ఆవిడ అంది. పాపని చూస్తే ఆరేళ్ళుంటాయని టీసీ హిందీలో అన్నాడు. మాటా మాటా పెరిగేలోగా ఎవరో నా స్కేలు చూపించి కొలవమన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే తువ్వాలు విప్పేసింది. పాప నూటపదిహేను సెంటీమీటర్లు.

టీసీ గెలిచినట్టు చూశాడు. ఎత్తు చూసి వయసు చెప్పలేమని, ఎవరి బిడ్డో మాత్రం చెప్పొచ్చని నాకు వచ్చిన హిందీలో అన్నాను. అప్పుడు పై బెర్తు మీంచి పాప తండ్రి దిగాడు. దిగడం అయ్యేసరికి అతని తల మళ్ళీ పై బెర్తు దగ్గరే ఉంది. టీసీ అతన్ని కిందనుంచి పైకి చూసి, రసీదు పుస్తకం మూసేసి వెళ్ళిపోయాడు. శాస్త్రం ఒక కుటుంబానికి పనికొచ్చిందని నేను మురిసిపోతుంటే, ఆవిడ నా వైపు వంగింది.

"ఐదు నిండి ఏడు నెల్లయింది బాబూ. నీ పున్నెం."

రాయపూర్ ఎనిమిదిన్నరకి వచ్చింది. అక్కడి బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు మీద సున్నం కొట్టి కొత్త పేరు రాశారు. సున్నం పలచనై పాత అక్షరాలు వెనకనుంచి తొంగి చూస్తున్నాయి. పది గంటలకి భిలాయ్ పవర్ హౌస్‌లో దిగాను. టెంపోలో స్కేలు అడ్డంగా పట్టలేదు, నిలువుగా పట్టలేదు. డ్రైవరు భయ్యా విసుక్కోకుండా వెనక కిటికీలోంచి బయటికి పెట్టించి, కొసకి తన ఎర్ర రుమాలు కట్టాడు. మోకులూ ఇనప చువ్వలూ తీసుకెళ్ళడం అలవాటైన ఊరు కాబట్టి వేరే ఎవరూ వింతగా చూడలేదు.

సెక్టర్ నాలుగులో వాళ్ళ క్వార్టరు గేటు దగ్గర మా చెల్లెలు నిలబడి ఉంది. మొహం బాగాలేదు. నన్ను చూడగానే కాళ్ళు కడుక్కోమంది, కాఫీ తాగమంది, టిఫిను తిన్నాకే పెరట్లోకి వెళ్ళమంది. అన్నీ ఒకేసారి చెప్పడంతో నేను చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళాను.

బావ ఇస్త్రీ బట్టలేసుకుని, కంచె కత్తిరించే పెద్ద కత్తెర చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక రెండేళ్ళ నా ఆశ ఉంది. నూట అరవై వరి మొక్కలు. దూరానికి అన్నీ ఒకే ఎత్తు. మంగలి షాపునుంచి ఇప్పుడే వచ్చినట్టున్నాయి.

"సూడు బావా. నాలుగు మూలలా కర్రలు పాతి, మీటరు ఎత్తున తాడు కట్టి కోసినాను. నీ స్కేలెట్టి కొల్సుకో. ఒక్క సెంటీమీటరు తేడా వొస్తే నన్నడుగు."

స్కేలు గోడకి చేరేశాను. కోసిన కంకులేవని అడిగాను. పక్క క్వార్టరు వాళ్ళ ఆవుకి వేసేశాడట. చాలా ఇష్టంగా తిందట.

బట్టలుతికే రాయి మీద కూలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అరవై రెండేళ్ళవాణ్ణి, బకెట్టు మోసుకుని పదిహేను గంటలు ప్రయాణం చేసి కట్టించిన గింజలు. వాటి గింజల గింజలు ఆవు కడుపులో ఉన్నాయి. కోపంతో బావని చాలా మాటలన్నాను. వాటిలో రాయదగినవి తక్కువ. తలుపు దగ్గర నిలబడి మా చెల్లెలు, తను నిన్నటినుంచీ ఇవే మాటలు అంటున్నానని చెప్పింది.

బావ లోపలికి వెళ్ళి నా ఉత్తరం తెచ్చాడు. పొట్టివి మీటరుకి లోపు ఉంటాయన్న వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది.

"స్పెసిఫికేషన్ నువ్వే పంపినావు గదా. మా మిల్లులో పట్టా పొడుగొచ్చిందనుకో, ఎందుకొచ్చిందని అడగం. కోసేస్తాం. నలబై మొక్కలు పాసయినాయి, మిగతావన్నీ ఓవర్ సైజ్. ఇవాళ దాయీ సూడ్డానికొస్తాంది. పోయినేడు నవ్విపోనారు. ఈపాలి కూడా ఆవిడికి పొడుగు మొక్కలే సూపెట్టమంటావేటి?"

అని కత్తెర కింద పెట్టేసి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఈ నెలాఖరుకి అతని ఉద్యోగం అయిపోతుంది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఈ పెరట్లో ఇదే ఆఖరి పంట. ఆవిడకిచ్చిన మాట ఇక్కడే తీరాలి, లేకపోతే లేదు.  నా కోపం సగం అక్కడే చల్లారింది.

మిగతా సగం చల్లారడానికి కాఫీ పట్టింది. కాఫీ తాగుతూ అతని మాట మళ్ళీ గుర్తు చేసుకున్నాను. నలభై మొక్కలు పాసయ్యాయన్నాడు. పాసవడమంటే తాడు కిందే ఉండిపోవడం. తాడు కింద ఉన్నవాటిని కత్తెర ముట్టుకోలేదు. గ్లాసు పక్కన పెట్టి వరుసల్లోకి దిగాను. కోసిన మొక్కలన్నీ మోడులు. వాటి మధ్య ఇక్కడొకటి, అక్కడొకటి, నడుముకి కాస్త కింద, ఏమీ ఎరగనట్టు కంకులు వేలాడేసుకుని పచ్చగా పండిన దుబ్బులు ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచాను. ఎనభై ఎనిమిది, తొంభై రెండు, తొంభై. ఎన్నున్నాయో లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది. నూట అరవైలో నాలుగో వంతుకి రెండు తక్కువ.

మూడురోజులు కూర్చుని, కొలిచి, రాసి, చివరికి నేను పీకి పారెయ్యమని చెప్పబోయే మొక్కలనే బావ ఒక్క సాయంత్రంలో కోసి ఆవుకి వేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన పని ఒక తాడు, ఒక కత్తెర చేసేశాయి. ఆ సంగతి అతనికి చెప్పాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించాను. చెప్పాను. అతను నమ్మలేదు. ఏడిపిస్తున్నానని అనుకున్నాడు.

"కోసినవాటిల్లో మంచివి పోలేదేటి?"

లేదని చెప్పాను. పొట్టి మొక్కలో ఇద్దరూ బద్ధకస్తులే, కాబట్టి దాని పిల్లలన్నీ పొట్టివే పుడతాయి, ఎన్ని తరాలైనా. పొడుగువాటిని నమ్మలేం, లోపల ఎవరున్నారో పైకి కనబడదు. బావ కాసేపు వేళ్ళమీద లెక్క వేసుకున్నాడు. తరవాత లోపలికి వెళ్ళి మా చెల్లెలితో గొంతు పెంచి మాట్లాడడం వినిపించింది. నిన్నటినుంచీ మొదటిసారట.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మా ఇద్దరికీ ఇంకో తగువొచ్చింది. స్నానాలగది తూము పక్కన ఒక పొట్టి దుబ్బుంది. నలభై మూడు పిలకలు. మిగతావాటికి పన్నెండు నుంచి ఇరవై. బావకి అది ప్రాణం. విత్తనానికి దాన్నే ఉంచాలన్నాడు. కుదరదన్నాను. ఎత్తు సంగతిలో ఇద్దరు పనివాళ్ళే కాని, పిలకల సంగతిలో చాలా చేతులుంటాయి, వాటితోపాటు నీళ్ళు, ఎరువు, పక్కన ఖాళీ జాగా. ఆ పిలకలు పెట్టింది మొక్క కాదు, మీ ఇంటిల్లిపాది స్నానాల నీళ్ళు అన్నాను. మీ స్టేషన్లో ఎవరూ స్నానం చెయ్యరా అని అడిగాడు. మా చెల్లెలు వచ్చి ఇద్దరినీ చెరో గదిలో పడుకోమంది.

మూడింటికి బిసాహు స్కూటరు మీద దాయీని తీసుకొచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న జాముల్ మీదుగా వచ్చారేమో, ఇద్దరి జుట్టూ సిమెంటు దుమ్ముతో నెరిసి ఉంది. కడుక్కున్నాక బిసాహుది నల్లబడింది, ఆవిడది అలాగే ఉండిపోయింది. చిన్న మనిషి, నడుము వంగిపోయి ఇంకా చిన్నగా కనిపిస్తుంది. మోడుల్ని చేత్తో పక్కకి తప్పించింది. పొట్టి దుబ్బుల మధ్యకి వెళ్ళి, ఒక కంకిని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

పొట్టిగా ఉంటే చాలదు, వాసన కూడా ఉండాలి. వాసనదీ ఇంచుమించు అదే లెక్క, నాలుగింట ఒకదానికే దొరుకుతుంది. దాన్ని కొలవడానికి నా స్కేలు పనికిరాదు. ముప్పై ఎనిమిది దుబ్బుల గింజలూ విడివిడిగా కాగితప్పొట్లాలు కట్టాం. బావ వాటిమీద మిల్లులో ఇనుముకి వేసినట్టు నెంబర్లు వేశాడు. దాయీ వరండాలో కూర్చుని ఒక్కో పొట్లంలోంచి పది గింజలు ఒలిచి నమిలింది. ఒక్క గింజ ఎందుకు చాలదో నేను చెప్పబోయాను. ఒక్క గింజతో ఎవరు చెప్తారు అన్నట్టు ఆవిడ నన్ను చూసింది. నమలడం, గ్లాసు నీళ్ళతో పుక్కిలించడం, "హవ్" అనడం లేదా "నఇ" అనడం. హవ్ అంటే అవును. చాలాసేపు నఇలే వచ్చాయి. ఒక్కో నఇకీ బావ మొహం కొంచెం కొంచెంగా వాడిపోయింది.

స్టేషన్ అలవాటు కొద్దీ ఒక దొంగ పొట్లం కలిపాను. అందులో నా సంచిలో తెచ్చిన మా పొట్టి రకం గింజలున్నాయి. నాలుగు గింజలు నమిలేసరికి ఆవిడ ఆగి నావైపు తిరిగింది.

"నఇ. ఎ తో తోర్ గాఁవ్ కే ఆయ్."

ఇది నీ ఊరిది అని. బిసాహు పడి పడి నవ్వాడు. అప్పటినుంచి నేను ఆవిడ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

తూము పక్క దుబ్బు పొట్లం వచ్చినప్పుడు బావ దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఆవిడ చాలాసేపు నమిలింది, ఇంకో పది గింజలు తీసుకుంది. చివరికి నఇ అంది. బావ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ముఖం కడుక్కుని తిరిగొచ్చాడు.

మొత్తం మీద తొమ్మిది హవ్‌లు వచ్చాయి. వాటిలో పిలకలు బాగా ఉన్నవి నాలుగు. వాటిని తూముకి దూరంగా ఉన్న వరుసల్లోంచే తీశానని బావకి వినబడేలా చెప్పాను. నాలుగు పొట్లాలూ ఆవిడ చేతిలో పెట్టాం. వాటిని చీర కొంగున ముడేసుకుని, గడ్డి సంగతేమిటని అడిగింది. మొక్క ఇంత పొట్టిదైతే ఎద్దులకి ఏం వెయ్యాలి? రెండేళ్ళలో ఆ ప్రశ్న నాకూ బావకూ ఒక్కసారి కూడా తట్టలేదు. ఆవిడే నవ్వి, మిట్ట చేలో పాతదే వేస్తానని, నీళ్ళు నిలిచే పల్లపు చేలో దీన్ని వేస్తానని చెప్పింది. పంట ఎప్పుడు చేతికొస్తుందని అడిగింది. వచ్చే కార్తీకానికి అన్నాను. ఆవిడ ఛత్తీస్‌గఢీలో ఏదో అంది. బిసాహు స్కూటరు తాళం కోసం జేబులు తడుముకున్నాడు. బావే చెప్పాడు.

"అయితే కార్తీకం దాకా ఉంటానంతాంది, బావా."

మర్నాడు శనివారం. పొద్దున నెహ్రూ నగర్‌లో తెలిసినవాళ్ళ ఇంటికి టిఫినుకి వెళ్ళాం. వాళ్ళ పిల్లలు నాతో హిందీలోనే మాట్లాడారు, మినపట్టు మాత్రం తెలుగులో అడిగారు. సాయంత్రం ఐదింటికి బావ పవర్ హౌస్ స్టేషన్ దాకా వచ్చాడు. రిటైరయ్యాక జాముల్లో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుంటున్నానని, దాయీ పొలం అక్కడికి నడిచి వెళ్ళేంత దూరమేనని చెప్పాడు. బండి కదిలే ముందు స్కేలు అతని చేతిలో పెట్టాను. వచ్చే ఏడు చేను కొలవాల్సింది అతనే. నాలుగో ఐదో మొక్కలు కొలిచి రాస్తే చాలన్నాను. కత్తెర చేను దగ్గరికి తీసుకెళ్ళొద్దని కూడా చెప్పాను. స్కేలు చంకలో పెట్టుకుని చాలాదూరం ప్లాట్‌ఫారం మీద నడిచాడు. జనం తప్పుకుని దారిచ్చారు.

స్కేలు లేకపోయేసరికి నన్నెవరూ పలకరించలేదు. రాయపూర్ దాటాక చెల్లెలిచ్చిన టిఫిను డబ్బా విప్పాను. పూరీల మీద ఒక కవరు. అందులో వరి గింజలు, మీటరు దగ్గర ముడేసిన తాడు, బావ రాసిన చీటీ ఉన్నాయి. తూము పక్క మొక్క గింజలవి. వాసన లేదని తనకి తెలుసట. దాయీకి ఇవ్వననీ రాశాడు. సగం నా పెరట్లో స్నానాల నీళ్ళు పారే చోట వెయ్యమని, సగం దూరంగా వెయ్యమని, రెండుచోట్లా పిలకలు లెక్కపెట్టి రాయమని కోరాడు. దూరంగా వేసినవాటికి పిలకలు తక్కువొస్తే తప్పు ఒప్పుకుంటానని, రెండుచోట్లా ఎక్కువొస్తే నేను ఒప్పుకోవాలని రాశాడు.

రెండుసార్లు చదివాను. మా స్టేషన్లో ఎంతో చదువుకున్నవాళ్ళు కూడా ఇంత సూటిగా పరీక్ష పెట్టడం నేను తక్కువ చూశాను. నిన్న కత్తెర పట్టుకుని నిలబడ్డ మనిషి ఇతనే. భిలాయ్ వెళ్ళేవాళ్ళు కొలిమి మంటలు చూసి వస్తారు, చూడదగ్గవే. వీలైతే ఏదో ఒక క్వార్టరు వెనక పెరట్లోకి కూడా వెళ్ళి రండి.

ఎదుటి సీటాయన చీటీలో ఏముందని అడిగాడు. పనుంది అన్నాను. మా ఇంట్లో స్నానాల నీళ్ళు పోయే చోట మా ఆవిడ కనకాంబరాలున్నాయి. వాటిని పీకాలని ఆవిడతో ఎలా చెప్పాలో ఆలోచించుకుంటూ, పూరీలు తిన్నాను.